పాత ట్రాక్టర్ ఆర్‌పీఎం మీటర్: కేబుల్, డ్రైవ్ బాగుచేసుకునే పద్ధతి

పాత ట్రాక్టర్ల మీద ఆర్‌పీఎం మీటర్ (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) సరిగ్గా పనిచేస్తూ కనిపించడం అరుదు. ముల్లు సున్నా దగ్గర పడుకునైనా ఉంటుంది, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనైనా ఉంటుంది. ‘ఇంజను చప్పుడు వింటే తెలియదా, మీటరెందుకు’ అని చాలామంది అలాగే నడిపేస్తుంటారు. నాగలి దుక్కికైతే ఆ మాట చెల్లుతుంది. పీటీఓకి (ట్రాక్టర్ వెనుక పనిముట్లని తిప్పే షాఫ్టుకి) రోటావేటరో, నూర్పిడి మిషనో తగిలించినప్పుడు చెల్లదు. ఆ పనిముట్లలో ఎక్కువ భాగం పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుందన్న లెక్కతో చేసినవి. తక్కువ తిప్పితే గింజ గడ్డిలోకి పోతుంది, ఎక్కువ తిప్పితే గింజ పగులుతుంది, గేర్‌బాక్సు వేడెక్కుతుంది. అందుకే చాలా మీటర్ల డయల్ మీద 540 పీటీఓకి విడిగా ఒక గుర్తు పెట్టి ఉంటుంది. ముల్లు పనిచేయకపోతే ఆ గుర్తుతో ఏం లాభం?

గంటల లెక్క కూడా ఈ మీటర్ని తిప్పే కేబుల్ మీదే ఆధారపడి ఉంటుంది. పాత మీటర్లలో గంటల అంకెలు గడియారంతో కాదు, చుట్ల లెక్కతో కదులుతాయి. 1500 ఆర్‌పీఎంకి గంట అని లెక్కగట్టిన మీటర్ ఉన్న ఇంజన్ని 1000 మీద గంటసేపు నడిపితే మీటర్లో 40 నిమిషాలే పడుతుంది. గంటల లెక్కన కిరాయికి ఇచ్చేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ మధ్య వచ్చే తగువుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఇద్దరూ నిజమే చెబుతుంటారు: ఒకరిది చేతి గడియారం లెక్క, ఇంకొకరిది ఇంజను చుట్ల లెక్క. ఆయిల్ మార్చడానికి మాత్రం చుట్ల లెక్కే మేలు, ఇంజను అరిగేది చుట్లతోనే కదా.

ఇక అసలు పని. ఈ రిపేరులో ఒక్క మాట పట్టుకుంటే చాలు: కేబుల్ తెగిందంటే దాన్ని ఏదో తెంపింది. ఆ ఏదో ఏమిటో తేల్చకుండా కొత్త కేబుల్ వేస్తే అదీ తెగుతుంది. దుకాణంలో కొత్తది కొనే ముందు డ్రైవ్ వైపూ, మీటర్ వైపూ చేత్తో తిప్పి చూడాలి.

లోపల జరిగేది

ఇంజను మీద చిన్న డ్రైవ్ ఉంటుంది. కొన్ని బండ్లలో అది కామ్‌షాఫ్ట్ నుంచి గానీ ఆయిల్ పంపు షాఫ్ట్ నుంచి గానీ పళ్లచక్రంతో తిరుగుతుంది. ఇంకొన్నిటిలో డైనమో వెనుక నుంచి తిరుగుతుంది. పాత మాస్సీ 35 రకాల్లో డైనమో వెనుక మీటర్ డ్రైవ్ ఉన్నవి దొరుకుతాయి. ఆ డ్రైవ్‌లోని చదరపు రంధ్రంలో కేబుల్ లోపలి వైరు చదరపు కొస కూర్చుంటుంది. వైరు అంటే ఒకటే తీగ కాదు. సన్నటి ఉక్కు తీగలు పొర మీద పొరగా, ఒక పొర కుడికి, పై పొర ఎడమకి చుట్టి ఉంటాయి. వంగుతూ కూడా మెలిక పడకుండా తిప్పగలిగేది అందుకే.

రెండో కొస మీటర్లోకి వెళ్తుంది. అక్కడ వైరు తిప్పేది ముల్లుని కాదు, ఒక అయస్కాంతాన్ని. ఆ అయస్కాంతాన్ని కమ్ముకుని, తగలకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో విద్యుత్ సుడులు పుట్టి అదీ వెంట తిరగబోతుంది. సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ లాగుడులో ఎక్కడ ఆగితే అక్కడ ముల్లు నిలుస్తుంది. స్ట్రాస్‌బర్గ్‌కి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న సూత్రమిది. మోటార్‌సైకిల్ స్పీడోమీటర్‌లోనూ ఇదే.

చాలా ఇంజన్లలో కేబుల్ ఇంజను వేగంలో సగం తిరుగుతుంది. ఇంజను 2000 మీద ఉంటే కేబుల్ నిమిషానికి 1000 చుట్లు, అంటే గంటకి 60 వేల చుట్లు. గ్రీజు లేకుండా ఆ వైరు బయటి గొట్టంలో ఎంతకాలం రాసుకుంటుందో మీరే ఊహించుకోండి.

పానా పట్టకముందే ముల్లుని చూడండి

ముల్లూ, గంటల అంకెలూ రెండూ కదలకపోతే తప్పు కేబుల్‌లోనో డ్రైవ్‌లోనో ఉంది. గంటలు కదులుతూ ముల్లు పడుకునే ఉంటే కేబుల్ బాగానే ఉంది, మీటర్ లోపల గిన్నె, స్ప్రింగు సంగతి చూడాలి. ముల్లు కదులుతూ గంటలు ఆగిపోతే మీటర్లోని చిన్న పళ్లచక్రాలు అరిగాయి.

తక్కువ వేగంలో ముల్లు వణికి, వేగం పెంచగానే నిలకడగా ఉంటే వైరు ఎండిపోయింది లేదా ఎక్కడో మెలిక పడింది. వైరు మెలిక దగ్గర పట్టుకుని, బిగిసి, ఒక్కసారిగా వదులుతుంది. ముల్లు అందుకే గెంతుతుంది. దీన్ని చూసి చాలామంది మీటర్ పోయిందని కొత్తది కొంటారు. వణుకు నూటికి తొంభై పాళ్లు కేబుల్‌దే, మీటర్ది కాదు అని నా అనుభవం. చలికాలం పొద్దున్నే కీచుమని అరిచి, వేడెక్కాక ఆగిపోతే మీటర్ కుదురు (వైరు కొస కూర్చుని తిప్పే చిన్న ఇరుసు) దగ్గరి బుష్ ఎండింది. అది రేపో మాపో బిగుసుకుని కేబుల్‌ని తెంపుతుంది.

ముల్లు చివరిదాకా వెళ్లి అక్కడే ఉండిపోతే లోపలికి ఆయిల్ చేరిందేమో చూడాలి. డైనమో నుంచి నడిచే మీటరైతే ఇంకో పరీక్ష ఉంది: ఇంజను వేగం మార్చకుండా హెడ్‌లైట్లు వేయండి. ముల్లు కిందికి జారితే బెల్టు జారుతోంది. ముందు బెల్టు బిగించి చూడండి, మిగతాదేమీ విప్పకండి.

డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించుకున్నవాళ్లకి ఒక మాట. మీ మీటర్ డ్రైవ్ ఆ పాత డైనమోతోపాటే వెళ్లిపోయింది. దాని కోసం వెతికి లాభం లేదు. ఆల్టర్నేటర్‌కి డబ్ల్యూ టెర్మినల్ (తిరిగే వేగాన్నిబట్టి మీటర్‌కి సంకేతం పంపే కొస) ఉంటే దానికి తగిలే ఎలక్ట్రానిక్ మీటర్ పెట్టుకోవడమే దారి.

విప్పడం

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. మీటర్ వెనుక బల్బు వైర్లుంటాయి, పానా వాటికి తగిలితే మెరుపే. ఈ పనిలో కొన్ని పరీక్షలు ఇంజను నడుస్తుండగానే చేయాలి. తువ్వాలు, వదులు పంచె, వేలాడే చొక్కా చేతులు ఫ్యాను దగ్గరికి తేకండి. పీటీఓ వేసి ఉండకూడదు, గేరు న్యూట్రల్‌లో ఉండాలి.

డ్రైవ్ చుట్టూ ఏళ్ల మట్టీ గ్రీజూ గట్టి పెంకులా పట్టి ఉంటుంది. ముందు దాన్ని గీకి, డీజిల్ బ్రష్‌తో కడిగి, తుడవండి. విప్పాక ఆ మట్టి ఇంజన్లో పడిందంటే మీటర్ కన్నా పెద్ద ఖర్చు వస్తుంది. తరువాత కేబుల్ వెళ్లే దారిని ఫోన్లో ఫొటో తీసుకోండి: ఏ క్లిప్పు కింద నుంచి, సైలెన్సర్‌కి ఎటువైపు నుంచి వెళ్లిందో బిగించేటప్పుడు గుర్తుండదు.

మొదట మీటర్ వైపు నట్టు విప్పి కేబుల్‌ని వెనక్కి లాగండి. లోపలి వైరు కొసని రెండు వేళ్లతో పట్టుకుని బయటికి లాగితే పూర్తిగా రావాలి. సగమే వస్తే తెగిందన్నమాట. మిగతా సగం కింది నట్టు విప్పాక అటు నుంచి వస్తుంది. రాకపోతే పకడుతో గుంజకండి. గొట్టంలో కాస్త డీజిల్ పోసి, కేబుల్‌ని నిటారుగా వేలాడదీసి, ఒక పూట ఆగండి.

వైరు తీశాక, ఇంకొకరితో ఇంజన్ని కొద్దిగా తిప్పించి డ్రైవ్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. లోపలి చదరం తిరుగుతోందా? తిరుగుతుంటే డ్రైవ్ బతికుంది. తిరగకపోతే పళ్లచక్రమో, పిన్నో పోయింది. ఈ ఒక్క చూపుతో సగం అనుమానాలు తీరిపోతాయి.

తెగిన కొస చెప్పే సాక్ష్యం

ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. వెలుతురు బాగా ఉన్నచోట వైరుని పాత గుడ్డతో తుడిచి, తెగిన కొసని దగ్గరగా చూడండి.

తీగలు విప్పిన తాడు కొసలా పువ్వులా విచ్చుకుని, తెగినచోటికి ముందు వైరు ఉబ్బి ఉంటే, ఒకవైపు బిగుసుకుపోగా ఇంకోవైపు తిప్పుతూనే ఉందని అర్థం. మీటర్ కుదురు బిగిసిందన్నది మొదటి అనుమానం. తెగుడు కురచగా, దాదాపు కోసినట్టు ఉండి, ఆ చోటు సరిగ్గా గొట్టం వంపు దగ్గరే అయితే అది అలసట తెగుడు. వంపు మరీ బిగువుగా ఉంది, దారి మార్చాలి. వైరు నిక్షేపంగా ఉండి చదరపు కొస మూలలు మాత్రం గుండ్రంగా అరిగిపోయి ఉంటే వైరు పొట్టిదై అంచు మీద పట్టుకుందన్నమాట, లేదా డ్రైవ్ రంధ్రమే అరిగింది. ఆ రెండోదైతే కొత్త వైరు మూలలు కూడా త్వరలోనే గుండ్రమవుతాయి.

రంగు కూడా చూడండి. గుడ్డకి ఇటుక పొడి లాంటిది అంటితే లోపలికి నీళ్లు పోయి తుప్పు పట్టింది. దమ్ము పనికి తిరిగే బండ్లలో కింది నట్టు దగ్గర బురద నీళ్లు చేరడం మామూలే. వైరు మీద ఒకచోట మాత్రం అద్దంలా మెరుస్తుంటే, గొట్టానికి సరిగ్గా ఆ చోట సొట్ట ఉంటుంది. వేలితో తడిమితే దొరుకుతుంది.

వైరు తెగకపోయినా మెలిక పరీక్ష చేయాలి. నున్నటి బల్ల మీదో, గచ్చు మీదో పెట్టి అరచేత్తో దొర్లించండి. మంచి వైరు సాఫీగా దొర్లుతుంది. మెలిక ఉన్నది చుట్టుకోసారి టక్కుమని ఎగిరి పడుతుంది. ఇంకో పద్ధతి: రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టి వైరుని ఉయ్యాలలా వేలాడదీసి ఒక కొసని వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. రెండో కొస సమంగా తిరగాలి. ఆగి, ఆగి, ఒక్కసారిగా పల్టీ కొడితే ఆ వైరు పనికిరాదు. సుత్తితో కొట్టి మెలిక తీసేయొచ్చని కొందరంటారు, నేనొప్పుకోను. తెగిన వైరుని గ్యాసు వెల్డింగుతో అతికించడం ఇంకా చెడ్డ పని. వేడి తగిలినచోట ఉక్కు పదును పోతుంది, అతుకు పక్కనే కర్రలా గట్టిపడి అక్కడే మళ్లీ తెగుతుంది.

డ్రైవ్ తీసి చూడటం

డ్రైవ్ బాడీ ఒక చిన్న బోల్టుతోనో క్లాంపుతోనో పట్టి ఉంటుంది. విప్పే ముందు బాడీకీ ఇంజనుకీ కలిపి గోటితో గీసినంత గీత గీయండి, తిరిగి అదే కోణంలో కూర్చోవాలి. బోల్టు తీశాక మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగండి. పళ్లచక్రం వాలు పళ్లదైతే వచ్చేటప్పుడు కొద్దిగా తిరుగుతూ వస్తుంది, కంగారు పడొద్దు. వచ్చిన వెంటనే రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూసేయండి.

చక్రానికి పళ్లు ఊడి ఉంటే లెక్కపెట్టండి. ఊడిన ముక్కలన్నీ దొరికేదాకా ఇంజను వేయకూడదు. ఆయిల్ వడగట్టి దించి చూడండి. అందులో దొరకకపోతే సంపు (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పక తప్పదు. ‘అడుగునే పడుంటాయిలే’ అని వదిలేయమనే సలహా వింటారు, వినకండి.

షాఫ్టుని వేలితో పక్కకి నొక్కండి. కంటికి కనిపించేంత ఆట ఉంటే బుష్ అరిగింది. లేత్ వర్కుషాపులో గన్‌మెటల్ బుష్ తిప్పించుకోవచ్చు. పాత బుష్‌తోపాటు షాఫ్టు కూడా తీసుకెళ్లండి, కొలత దాన్నిబట్టే. చదరపు రంధ్రం అరిగితే షాఫ్టు మార్చడమే సరైన పని. రేకు ముక్క దోపి నడిపించడం సీజను మధ్యలో నాలుగు రోజులు గడపడానికే.

సీలుది విడిగా చెప్పాలి. డ్రైవ్‌లో ఆయిల్ సీలు పోతే ఇంజను ఆయిల్ కేబుల్‌లోకి వస్తుంది. వైరు మీది తీగల చుట్టు మరలా పనిచేసి ఆ ఆయిల్‌ని పైకి తోడుతుంది. కొన్నాళ్లకి డయల్ అద్దం లోపల పసుపు మరక కనిపిస్తుంది. అప్పటికి మీటర్ పాడైనట్టే. అందుకని బాడీ చేతిలో ఉండగానే సీలూ, బయటి ఓ-రింగూ మార్చేయండి, బాగున్నట్టు కనిపించినా సరే. సీలు స్ప్రింగు ఉన్న ముఖం ఆయిల్ వైపు ఉండాలి. సరిపోయే సాకెట్ మీద పెట్టి, వంకర పోకుండా మెల్లగా దించండి. ఓ-రింగుకి ఆయిల్ రాసి, షాఫ్టుని కాస్త తిప్పుతూ బాడీని లోపలికి పంపండి. పళ్లు కలిశాక బాడీ చేత్తోనే పూర్తిగా కూర్చుంటుంది. కూర్చోకపోతే బోల్టు బిగించి లాగే ప్రయత్నం చేయొద్దు. తీసి, చక్రాన్ని ఒక పన్ను తిప్పి, మళ్లీ పెట్టండి.

మీటర్‌ని అనుమానించాల్సిన సమయం

వైరు మీటర్ వైపు పువ్వులా విచ్చుకుని తెగిందా? అయితే మీటర్ని పరీక్షించకుండా కొత్త కేబుల్ వేయకండి. పాత వైరు చదరపు కొసని నాలుగు అంగుళాలు కోసి, మీటర్ కుదుర్లో పెట్టి వేళ్లతో తిప్పండి. ఏ గరగరా లేకుండా తిరగాలి, ముల్లు కొద్దిగా లేచి తిరిగి పడుకోవాలి. తరువాత అదే ముక్కని చేతి డ్రిల్లుకి బిగించి తక్కువ వేగంలో, సరైన దిశలో తిప్పండి. ముల్లు సాఫీగా లేచి నిలకడగా ఉంటే మీటర్ నిర్దోషి.

బిగువుగా ఉంటే కుదురు దగ్గర ఒక చుక్క, నిజంగా ఒక్క చుక్క, కుట్టుమిషను ఆయిల్ వేసి ఒక పూట ఆగి చూడండి. ఇంజను ఆయిల్ వద్దు, గ్రీజు అసలే వద్దు. లోపలి స్ప్రింగు తల వెంట్రుకలా సన్నగా ఉంటుంది. దాన్ని ముట్టుకునే పని మీటర్లు బాగుచేసేవాళ్లకి వదిలేయడం మంచిది. చీకట్లో మెరిసే రంగున్న మరీ పాత విదేశీ డయల్ ఐతే గీకకండి, తుడవకండి. ఆ రోజుల్లో కొన్నిటికి రేడియం కలిపిన రంగు వాడేవారు.

సరిపోయే కేబుల్ ఎంచుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో బండి పేరు చెబితే కేబుల్ చేతికిస్తారు. అయినా పాతది పట్టుకెళ్లండి. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో కూడా డైనమో డ్రైవ్‌కీ, ఇంజను డ్రైవ్‌కీ పొడవులు వేరు. నట్టు మరలు, చదరం మందం, గొట్టం పొడవు, వైరు ఎంత బయటికి వస్తుందీ అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మందం వెర్నియర్‌తో కొలవండి.

మోటార్‌సైకిల్ వైరు కోసి పెట్టేవాళ్లున్నారు. సన్నగా ఉండి గొట్టంలో కొట్టుకోవడం ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది చుట్టు దిశ. వైరు బయటి పొర తిరిగే దిశలో బిగుసుకోవాలి, విచ్చుకోకూడదు. దుకాణంలోనే చూడొచ్చు: ఒక కొస గట్టిగా పట్టి, రెండో కొసని మీ డ్రైవ్ తిరిగే వైపు మెలితిప్పండి. వైరు గట్టిపడితే సరైనది. ఉబ్బి మెత్తబడితే అది వేరే దిశకి చేసింది, ఎన్నాళ్లో ఉండదు.

గ్రీజు పట్టించి బిగించడం

1. పాత గొట్టమే వాడుతుంటే డీజిల్ పోసి కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. సొట్ట ఉన్నా, ఎలుక కొరికినా, సైలెన్సర్ వేడికి పైపొర కరిగినా మార్చేయాలి.

2. వైరుకి లిథియం గ్రీజు గానీ గ్రాఫైట్ గ్రీజు గానీ వేళ్లతో పల్చగా పట్టించండి. తీగల సందులు నిండితే చాలు, ముద్దలు ఉండకూడదు.

3. వైరుని మీటర్ వైపు నుంచి గొట్టంలోకి తోయండి. పూర్తిగా వెళ్లాక మళ్లీ 200 మి.మీ. బయటికి లాగి, ఆ భాగాన్ని పొడిగా తుడిచి, తిరిగి తోసేయండి. ఆ పైభాగంలో గ్రీజు ఉంటే అది నేరుగా మీటర్లోకి నడుస్తుంది. బ్రిటిష్ స్మిత్స్ మీటర్ల వాళ్లు అప్పట్లో చెప్పిన పద్ధతే ఇది, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

4. కింది నట్టు బిగించి, వైరుని వేళ్లతో తిప్పుతూ చదరం రంధ్రంలో పడేలా చేయండి. పడ్డాక పైకొస గొట్టం అంచు దాటి సుమారు 10 మి.మీ. ఉండాలి. మరీ తక్కువైతే మూలలు అరుగుతాయి. ఎక్కువైతే వైరు మీటర్ కుదురుని పొడుస్తూ ఉంటుంది, కొత్త మీటరైనా చెడిపోతుంది.

5. పైనట్టు ఇంకా పెట్టకుండా ఇంజను వేసి, నిదానంగా తిరిగేటప్పుడు ఆ కొసని చూడండి. చేయి పెట్టొద్దు, చూడటమే. ఒకేచోట నిలబడి తిరగాలి. గుండ్రంగా ఊగుతుంటే వైరు కొస వంగింది.

6. ఇంజను ఆపి పైనట్టు చేత్తో ఎక్కించండి. చివరిదాకా వేళ్లతోనే వెళ్లాలి. మధ్యలో ఎదురు తంతే చదరం కుదుర్లో పడలేదు. వైరుని పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. పకడు చివర్లో కొద్దిగా తగిలిస్తే చాలు.

7. దారి చూసుకోండి. ఏ వంపూ 150 మి.మీ. వ్యాసార్థం కన్నా బిగువుగా ఉండకూడదు, రెండు కొసల దగ్గరా 50 మి.మీ. దాకా వంపు లేకుండా తిన్నగా ఉండాలి. సైలెన్సర్‌కి దూరంగా, క్లచ్ రాడ్‌కి తగలకుండా. క్లిప్పులు పట్టుకోవాలి గానీ పిసకకూడదు.

రీడింగు నమ్మొచ్చా

ముల్లు లేచిందని సంబరపడి వదిలేయకండి. చేతిలో పట్టుకునే డిజిటల్ టాకోమీటర్ (చుట్లు కొలిచే పరికరం) ఒకటి తెచ్చుకుని, ఇంజను ఆపి ఉన్నప్పుడే క్రాంకు పుల్లీ మీద మెరిసే స్టిక్కరు అంటించండి. 1000 దగ్గరా, 1500 దగ్గరా రెండు రీడింగులూ పోల్చండి. కొద్ది తేడా మామూలే. మీటర్ సరిగ్గా సగమో, రెట్టింపో చూపిస్తే మీటర్ వేరే నిష్పత్తిది, అంటే ఇంజను చుట్లకీ కేబుల్ చుట్లకీ వేరే లెక్కతో చేసింది. డయల్ మీద చిన్న అక్షరాల్లో అది రాసి ఉంటుంది చూడండి. అన్ని వేగాల్లోనూ ఒకే శాతం తేడా ఉండి, డ్రైవ్ డైనమోదైతే ఎవరో పుల్లీ సైజు మార్చారు. బాగా పాతదై అన్నిచోట్లా తక్కువ చూపిస్తే అయస్కాంతం బలహీనపడి ఉండొచ్చు, మీటర్ షాపులో మళ్లీ శక్తి ఎక్కించి సరిచేస్తారు. పీటీఓ 540 గుర్తుని మాత్రం నేరుగా పీటీఓ షాఫ్టుకే స్టిక్కరు పెట్టి చూడటం మంచిది, పనిముట్టు తగిలించకుండా.

పది గంటల పని అయ్యాక పైనట్టు ఒక్కసారి విప్పి, వైరు కొసని తెల్ల గుడ్డతో తుడవండి. పొడిగా ఉంటే బిగించేసి, మళ్లీ దమ్ము పనులు మొదలయ్యే ముందు గ్రీజు పెట్టేదాకా ముట్టుకోనక్కర్లేదు. నల్లటి ఆయిల్ అంటితే మాత్రం కేబుల్ విప్పి పక్కన పెట్టి, డ్రైవ్ సీలు మళ్లీ చూడండి.